ఐదు నక్షత్రాలు ఆగమన్నారు

రిటైరయ్యానని చెప్పగానే అందరూ అడిగేది ఒక్కటే: "ఇప్పుడు హాయిగా నిద్ర పడుతోందా?" పడుతోంది. ఉద్యోగంలో ఉన్నప్పుడూ పడేది. ఐసీయూలో పనిచేసేవాళ్లకి నిద్ర పట్టదని ఎవరు పుట్టించారో గానీ, రోజంతా నిలబడి ఇంటికొచ్చిన మనిషికి సోఫా కనిపిస్తే చాలు. నాకు పోయింది ఓపిక. ఏ విషయం మీదా గట్టిగా వాదించే ఓపిక ఇప్పుడు లేదు. గుళ్లో పులిహోరలో ఉప్పు తక్కువైందని ఇద్దరు పోట్లాడుకుంటుంటే ప్లేటు తీసుకుని పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోతాను.

ఈ మధ్య మన పిల్లలు చాలామంది నర్సింగులోకీ, నేను చేసిన రెస్పిరేటరీ థెరపీలోకీ వస్తున్నారు. మా రోజుల్లో మీ ఆవిడ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే మా ఆయన "హాస్పిటల్లో" అని ఊరుకునేవాడు. వెంటిలేటర్లు చూసుకుంటుందని చెబితే మెకానిక్ అనుకుంటారని ఆయన బెంగ. ఇప్పుడు ఆ బెంగ ఎవరికీ లేదు. మా గుడి స్నేహితుల పిల్లలే ఫోన్ చేసి, "ఆంటీ, ఫస్ట్ టైమ్ వెంటిలేటర్ విత్‌డ్రా చేయాలి, భయంగా ఉంది, ఎలా చేస్తారు?" అని అడుగుతున్నారు. ఏ మందు ఎప్పుడు ఇవ్వాలో మీ పుస్తకాల్లో ఉంది, మీ పైవాళ్లు దగ్గరుండి నేర్పుతారు. నేను చెప్పగలిగింది ఒక్క రోజు సంగతి. మీరంతా అటువంటి రోజు ఏదో ఒకటి చూస్తారు కాబట్టి రాస్తున్నాను.

ముందు మా పని గురించి రెండు ముక్కలు. తనంతట తాను ఊపిరి తీసుకోలేని మనిషికి నోట్లోంచి గొంతులోకి గొట్టం వేస్తారు. దాని రెండో కొస వెంటిలేటర్‌కి ఉంటుంది. గొట్టం ఉన్న మనిషి గట్టిగా దగ్గలేరు, ఉమ్మలేరు, మింగలేరు. ఛాతీలో చేరిన కఫాన్ని మేమే సన్నటి ట్యూబు లోపలికి దింపి లాగాలి. దాన్ని సక్షన్ అంటారు. అది మొదలుపెట్టేముందు బంధువులతో "ఒక్క నిమిషం బయట ఉంటారా?" అంటాం. వాళ్లు బయటికి వెళ్తారు. మేం కర్టెన్ వేస్తాం, పని చేస్తాం, మొహం తుడుస్తాం, దుప్పటి సర్దుతాం, కర్టెన్ తీస్తాం. వాళ్లు తిరిగి లోపలికి వచ్చేసరికి మనిషి ప్రశాంతంగా పడుకుని కనిపిస్తారు. ఇదే మర్యాద అని నాకు నేర్పినవాళ్లు చెప్పారు. నా తర్వాత వచ్చినవాళ్లకి నేనూ అదే చెప్పాను.

మా హాస్పిటల్ డాలస్‌కి ఉత్తరాన ఉంది. ఫ్రిస్కో నుంచీ ఆ చుట్టుపక్కల నుంచీ మనవాళ్లు చాలామంది వస్తారు. నేను ఉద్యోగం మానేయడానికి కొంచెం ముందు డెబ్భై దాటిన ఒకావిడని తీసుకొచ్చారు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు, దాని మీద నిమోనియా. ఏళ్లుగా కూతురి దగ్గరే ఉంటోంది. మనవరాలిని పెంచింది ఆవిడే. ఆ వీధిలో స్కూల్ బస్సు దిగిన పిల్లల్లో సగంమంది ముందు ఈవిడ వంటింట్లోకి వచ్చి దోసెలు తిని, అప్పుడు వాళ్ల ఇళ్లకి వెళ్లేవారట. ఇదంతా వెయిటింగ్ రూమ్‌లో ఆడవాళ్లు చెబితే విన్నాను. నేను చూసేసరికి ఆవిడ నోట్లో గొట్టం ఉంది, అది లాగేసుకోకుండా రెండు చేతులకీ మెత్తటి పట్టీలు ఉన్నాయి.

కూతురు నలభై దాటిన మనిషి. పెద్ద కంపెనీలో పదిమంది మీద మేనేజరు. గదిలోకి రాగానే ముందు మానిటర్ చూసి, తర్వాత తల్లిని చూసేది. అల్లుడు నెమ్మదస్తుడు, ఎక్కువ మాట్లాడడు. మనవరాలు ఆస్టిన్‌లో చదువుకుంటోంది, క్లాసులు వదిలేసి వచ్చింది. నేను తెలుగుదాన్నని తెలిసిన రోజు నుంచీ కూతురు నన్ను ఆంటీ అని పిలవడం మొదలుపెట్టింది. మనవరాలు కూడా ఆంటీ అనే పిలిచింది. ఈ దేశంలో మన ఆడవాళ్లకి వయసుతో పనిలేని హోదా అదొక్కటే.

తనకి మిషన్లు పెట్టొద్దని పెద్దావిడ కూతురితో ముందే చెప్పిందట. కానీ ఆయాసంతో పెదాలు నీలంగా మారి అంబులెన్స్‌లో వచ్చినప్పుడు, చేయగలిగినవన్నీ చేయండి అని కూతురు అంది. ఆ సమయంలో ఎవరైనా అదే అంటారు. మందులన్నీ వాడారు. రోజులు గడిచాయి. ఊపిరితిత్తులు ఇక కోలుకోవని తేలింది. అప్పుడు పాలియేటివ్ డాక్టర్ వచ్చి కుటుంబంతో కూర్చుంది. నయం కాని మనుషులకి బాధ లేకుండా చూడటం ఈ డాక్టర్ల పని. మా డాక్టరు సన్నగా, పొడుగ్గా ఉండేది. ఎప్పుడు చూసినా సరిగ్గా తినని మనిషిలా కనిపించేది. వాళ్లు ఏడిస్తే ఆగి, అడిగితే జవాబు చెప్పి, తొందరపెట్టకుండా మాట్లాడింది. చివరికి కూతురే అంది, అమ్మ వద్దన్నది చేశాం, ఇంక చాలు అని. గురువారం మధ్యాహ్నం గొట్టం తీసి, ఆవిడని నెమ్మదిగా పోనివ్వాలని అనుకున్నారు.

గురువారం పొద్దున నేను వెళ్లేసరికి కూతురు గది బయట ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది.

"ఆంటీ, రాత్రి మామయ్య కాల్ చేశారు. ఈ రోజు ధనిష్ఠ స్టార్ట్ అవుతుందంట. ఐదు నక్షత్రాలు అయ్యేదాకా ఆగమంటున్నారు."

ఇక్కడ పుట్టిన పిల్లలకి చెప్పాలి. ధనిష్ఠ నుంచి రేవతి దాకా ఐదు నక్షత్రాలు. ఆ రోజుల్లో ఎవరైనా పోతే ఇంటికి దోషమనీ, కొన్ని నెలలపాటు ఇల్లు పాడుపెట్టాలనీ మనవాళ్లలో చాలామంది నమ్ముతారు. పాడుపెట్టడమంటే తాళం వేసి, ఎవరూ ఉండకుండా వదిలేయడం. ఆ మామయ్య అంటే పెద్దావిడ సొంత అన్నగారు. రాజమండ్రిలో ఉంటారు, ఎనభై దాటాయి. వాళ్ల నాన్నగారు అటువంటి రోజునే పోతే ఉన్న ఒక్క ఇల్లూ వదలడానికి వీల్లేక అందులోనే ఉన్నారట. ఏడాది తిరక్కుండా ఒక తమ్ముడు జ్వరంతో పోయాడట. ఆయన భయం ఊరికే వచ్చింది కాదు. అందుకే ఆయన్ని తీసిపారేయడానికి నాకు నోరు రాలేదు.

వెయిటింగ్ రూమ్‌లో వాళ్ల స్నేహితుల సభ అప్పటికే మొదలైంది. ఒకాయన ఫోన్లో పంచాంగం యాప్ తెరిచి ధనిష్ఠ ఇంకా సాయంత్రానికి గానీ రాదంటాడు. ఇంకొకాయన తన ఫోన్ చూపించి ఎప్పుడో వచ్చేసిందంటాడు. మొదటాయన యాప్‌లో ఊరు హైదరాబాద్ అని ఉందని కనిపెట్టడానికి చాలాసేపు పట్టింది. అది తేలాక ఇంకో చర్చ వచ్చింది.

"అసలు ఇంట్లో పోతేనే దోషం అండి. హాస్పిటల్లో పోతే ఇంటికేం సంబంధం?"

"అట్లెట్ల అంటరన్నా? మనిషి ఆ ఇంటి మనిషే కదా."

మనవరాలు ఒక మూల కూర్చుని ఇదంతా వింటోంది. తలెత్తి నిజంగా తెలుసుకుందామనే అడిగింది. "సో, ఇక్కడ చనిపోతే, హాస్పిటల్‌ని సిక్స్ మంత్స్ క్లోజ్ చేస్తారా?"

ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం ఆ గదికి తాళం వేయాలని బెడ్లు కేటాయించే మా ఛార్జ్ నర్సుకి చెబుతున్నట్టు ఊహ వచ్చి పక్కకి తిరగాల్సొచ్చింది. మా ఐసీయూలో ఒక బెడ్ ఖాళీ అయితే కింద ఎమర్జెన్సీలో ముగ్గురు దానికోసం చూస్తుంటారు.

నేను డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ఆవిడ ఒప్పేసుకుంది. వాళ్ల సంస్కృతి కదా, మనం గౌరవించాలి, ఆగుదాం అంది. డాక్టర్ల రౌండ్స్‌లో అందరూ గంభీరంగా తలలూపారు. బెడ్‌ని ఏ దిక్కుకి తిప్పాలో చెబితే తిప్పిస్తానని ఒక రెసిడెంట్, అంటే ఇంకా ట్రైనింగ్‌లో ఉన్న కుర్ర డాక్టరు, నన్ను చాలా మర్యాదగా అడిగాడు. తిప్పితే కరెంట్ ప్లగ్గు అందదు నాయనా అని పంపించాను. సంస్కృతి అన్న మాట వినబడగానే అందరూ గుడి ముందులా చెప్పులు బయట విప్పి నిలబడ్డట్టుంది. ఎవరూ లోపలికి రావడం లేదు.

నాకు ఒళ్లు మండింది. ఇదే ఇంకో కుటుంబం వచ్చి, కారణమేదైనా సరే, ఇంకో ఐదు రోజులు ఉంచండి అంటే ఈ డాక్టరే వాళ్లని కూర్చోబెట్టి, ఆ ఐదు రోజులు రోగికి ఎలా గడుస్తాయో విడమరిచి చెప్పేది. మనవాళ్లకి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ అయిదు రోజుల్నీ మోయాల్సింది నమ్మేవాళ్లు కాదు, గౌరవించేవాళ్లు కూడా కాదు. మంచం మీద ఉన్నావిడ.

"ఆ రోజుల్లో ఆవిడకి ఎలా ఉంటుందో చెప్పారా?" అని డాక్టరుని అడిగాను.

బాధ లేకుండా చూస్తామని చెప్పానంది.

"చూడగలమా?"

మత్తు పెంచితే బీపీ పడిపోతోంది, తగ్గిస్తే ఆవిడకి తెలివొచ్చి గొట్టం కోసం చేతులు లేపుతోంది. ఇది డాక్టరుకి తెలుసు, నాకు తెలుసు, నర్సుకి అందరికన్నా బాగా తెలుసు. నర్సు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాడు. భారీ మనిషి, పిల్లిలా నడిచేవాడు. ఐదు రోజులట అని చెబితే చేతిలో పని ఆపకుండానే, నేను ఈ రోజూ రేపూ ఉంటాను, తర్వాత ఈమె దగ్గర డ్యూటీ ఎవరికి పడుతుందో అన్నాడు.

నేను గట్టిగా చెబితే వాళ్లని అవమానించినట్టవుతుందా అని డాక్టరు నన్ను అడిగింది. ఆవిడ కళ్లలో నిజమైన భయమే ఉంది. వేరే దేశపు దేవుళ్ల జోలికి పోకూడదని ఎవరో గట్టిగా నేర్పినట్టున్నారు. నాతో రండి, కలిసి మాట్లాడదాం అన్నాను.

కూతుర్ని గది పక్కన కుర్చీల్లో కూర్చోబెట్టాం. డాక్టరు ఇంగ్లిష్‌లో మొదలుపెట్టింది, నేను తెలుగులో అందుకున్నాను.

"మనం టైమ్ పెట్టుకుని గొట్టం తీయగలం అమ్మా. ప్రాణం పోయే టైమ్ మనం పెట్టలేం. ఈ రోజు తీస్తే గంట ఉండొచ్చు, రెండు రోజులుండొచ్చు. నువ్వు ఆగమన్నా ఈ రాత్రికే మిషన్ మీద పోవచ్చు. అప్పుడూ ధనిష్ఠే."

"తెలుసు ఆంటీ. నేను చదివాను." ఫోన్ ఒళ్లో బోర్లించింది. "కానీ అలా పోతే, ఆ రోజు తీయమని నేనైతే చెప్పలేదు అని ఉంటుంది కదా. ఈ రోజు నేనే తీయమంటే, రేపు మా ఇంట్లో ఎవరికేమైనా అయినా నా వల్లే అనిపిస్తుంది. వాళ్లు అనరు. మామయ్య కూడా అనరు. నాకే అనిపిస్తుంది."

ఆ అమ్మాయి నక్షత్రం కోసం ఆగడం లేదు. తల్లి ప్రాణం పోయే రోజు తన నోటితో చెప్పాల్సి రావడం ఆమె మొయ్యలేకపోతోంది. ఐదు నక్షత్రాలు అడ్డం వస్తే ఆ మాట చెప్పే పని ఐదు రోజులు వాయిదా పడుతుంది. ఎవరు మాత్రం కాదంటారు?

"ఐదు రోజులే కదా ఆంటీ," అంది మళ్లీ. "అమ్మకేం తెలియదు, నిద్రలోనే ఉంది. నేను వచ్చినప్పుడల్లా చూస్తున్నాను, వెరీ పీస్‌ఫుల్."

డాక్టరు నా వైపు చూసింది. ఆ ప్రశాంతతని రోజూ కర్టెన్ వెనక తయారుచేస్తున్నది నేనూ ఆ నర్సూ. మేం ఎంత శుభ్రంగా పనిచేశామంటే, ఈ పిల్లకి ఆగడం వల్ల ఎవరికీ నష్టం లేదనిపించింది.

అంతలో గదిలో వెంటిలేటర్ మోగింది. కఫం అడ్డుపడినప్పుడు మోగే మోత అది. ముగ్గురం లోపలికి వెళ్లాం. నేను గ్లౌజులు వేసుకుంటూ అలవాటుగా "ఒక్క నిమిషం బయట" అనబోయి ఆగాను.

"ఇప్పుడు సక్షన్ చేయాలి. మామూలుగా మిమ్మల్ని బయటికి పంపిస్తాం. చూడటం కష్టంగా ఉంటుంది. వెళ్తే వెళ్లు, ఉంటానంటే ఉండు. ఏది చేసినా తప్పు లేదు."

"ఎందుకు పంపిస్తారు?"

"చూడలేరని."

ఆమె బ్యాగు భుజం మీంచి తీసి కుర్చీలో పెట్టి, మంచం పక్కన నిలబడింది.

ట్యూబు లోపలికి దించాను. పెద్దావిడ మొహం ఒక్కసారి ముడుచుకుపోయింది, ఎర్రగా అయింది. ఒళ్లంతా దగ్గుతో కదిలింది గానీ చప్పుడు లేదు. గొట్టం గొంతులోంచి పోతుంది కాబట్టి ఆ దగ్గుకి శబ్దం ఉండదు. కళ్లు తెరిచి పైకప్పు వైపు చూసింది. పట్టీ వేసిన చెయ్యి లేచి, పట్టీ అందినంతవరకే వచ్చి ఆగింది. కంటి చివర నుంచి నీళ్లు చెవిలోకి కారాయి. కొద్ది క్షణాల పని. ట్యూబు తీసేశాను. మిషన్ మోత ఆగింది. నర్సు గుడ్డతో కళ్లు తుడవబోతే కూతురు ఆ గుడ్డ అడిగి తీసుకుంది.

"ఇది రోజూనా?" అంది తుడుస్తూ.

"రోజూ. చాలాసార్లు."

"నేను కాఫీకి వెళ్లినప్పుడల్లా?"

"అవునమ్మా."

"మరి నాకెందుకు చెప్పలేదు ఆంటీ?"

ఆ గొంతులో కోపం ఉంది. ఉండాల్సిందే. మీకు కష్టమని, మర్యాదని, అందరం ఇలాగే చేస్తామని ఏవో సమాధానాలు నా దగ్గర ఉన్నాయి గానీ ఆ గదిలో వాటిని పైకి అనడానికి నాకు సిగ్గేసింది. తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎవర్నీ బయటికి పంపలేదు, ఉంటారా వెళ్తారా అని అడిగాను. చాలామంది వెళ్లారు. వెళ్లినవాళ్లని తప్పుపట్టకండి. అడగడం మాత్రం మానకండి.

కూతురు తల్లి చేతి పట్టీ కింద వేలు పెట్టి, ఒరుసుకుపోయిన చోట కాసేపు రాస్తూ కూర్చుంది. తర్వాత లేచి గుమ్మం దగ్గర నిలబడి ఉన్న భర్త దగ్గరికి వెళ్లింది. నేను వెంటిలేటర్ దగ్గరే ఉన్నాను కాబట్టి వాళ్ల మాటలు వినపడ్డాయి.

"ఈ రోజే తీసేద్దాం."

"మరి మామయ్యగారు?"

"ఇల్లు పాడుపెడదాం. ఎన్ని నెలలంటే అన్ని నెలలు. ఎక్కడైనా అపార్ట్‌మెంట్ తీసుకుందాం."

అతను ఆమె మొహంలోకి చూశాడు. "నువ్వు నిజంగా నమ్ముతున్నావా ఇదంతా?"

"తెలీదు. మామయ్య నమ్ముతారు, అమ్మ కూడా నమ్మేది. దోషం ఉంటే మనం పడదాం. అమ్మ ఇంకో ఐదు రోజులు ఆ బాధ పడక్కర్లేదు."

"సరే. వీకెండ్ అపార్ట్‌మెంట్లు చూస్తాను," అన్నాడు అల్లుడు.

నేను మిషన్ మీద నంబర్లు చూస్తున్నట్టు నటించాను. నిజం చెప్పాలంటే నక్షత్రంతో యుద్ధానికి సిద్ధపడి వచ్చాను. నమ్మకాన్ని వదులుకోవాలి, లేదా తల్లిని వదిలేయాలి, ఈ పిల్లకి రెండే దారులున్నాయని నా లెక్క. ఆమె నక్షత్రాన్ని దాని చోట ఉంచి, దానికయ్యే ఖర్చేదో తన నెత్తిన వేసుకుంది. అన్నేళ్ల అనుభవం ఉన్న నాకు ఆ దారి తట్టలేదు. డాక్టరుకి ఇంగ్లిష్‌లో చెబితే, తనకీ తట్టలేదని ఒప్పుకుని మందులు రాయడానికి వెళ్లింది.

ఇక మీరు ఫోన్లు చేసి అడిగే సంగతి. గొట్టం తీయడం క్షణం పని, దాని ముందు చేసేదే అసలు పని. తొందరపడకండి. ముందు బాధకీ ఆయాసానికీ మందు ఇస్తారు. గొంతులో చెమ్మ చేరి గురగురమనకుండా ఇంకో మందు ఇస్తారు. అవి పట్టేదాకా ఆగాలి. గదిలోనూ, బయట డెస్క్ దగ్గరా అలారాలన్నీ ఆపాలి. మనిషి పోతున్నప్పుడు మోగే మోత ఎవరికీ ఉపయోగపడదు. మానిటర్ తెర కూడా ఆర్పేశాం. తల్లికన్నా ముందు దాన్ని చూడటం కూతురికి అలవాటైందని చెప్పాను కదా. తర్వాత గొట్టం ఉండగానే మిషన్ ఇచ్చే ఊపిరి కొంచెం కొంచెంగా తగ్గించి, మనిషి మొహం చూస్తూ ఉండాలి. కనుబొమలు ముడిపడితే, ముక్కుపుటాలు ఎగిరితే ఆగి, నర్సుకి చెప్పి మందు పెంచాక మళ్లీ తగ్గించాలి. ఆవిడకి రెండుసార్లు అలా ఆగాం. మూడోసారి తగ్గించినప్పుడు మొహం కదల్లేదు.

చేతుల పట్టీలు అప్పటికే తీసేశాం. చెంపల మీద గొట్టాన్ని పట్టి ఉంచే టేపు రోజుల తరబడి అతుక్కుపోయి ఉంది. దాన్ని తీయడానికి మా దగ్గర మందు తడిపిన గుడ్డలుంటాయి గానీ అవి మండుతాయి. కూతురు బ్యాగులో కొబ్బరినూనె ఉంది, తల్లి తలకి రాద్దామని తెచ్చిందట. రెండు చెంపలకీ ఆమే రాసింది. టేపు మెత్తబడి చర్మం లేవకుండా వచ్చింది. గొట్టం తీశాను. నోరు తుడిచాక కూతురు తల్లి మొహాన్ని చాలాసేపు చూసింది. అన్ని రోజులుగా సగమే కనిపించిన మొహం అది.

బయట వెయిటింగ్ రూమ్‌లోవాళ్లు ఒక్కొక్కరూ తొంగిచూడబోతే, మీరంతా ఇంటికి వెళ్లి వీళ్లకి రాత్రికి భోజనం పంపండి అని నేనే చెప్పాను. యాప్ ఉన్న ఇద్దరూ కలిసి ఒకే కారులో వెళ్లారు.

ఆవిడ తన ఊపిరి తాను తీసుకుంది. చిన్న చిన్న ఊపిరులు, మధ్యలో ఆగుతూ. మిషన్ ఆపగానే ప్రాణం పోతుందని అందరూ అనుకుంటారు. పోకపోతే భయపడతారు, ఏదో తప్పు చేశామేమోనని. భయపడొద్దని ముందే చెప్పాం. మనవరాలు మంచం మీద ఒక అంచున కూర్చుని, "అమ్మమ్మా, నేను ఉంది. ఇక్కడే ఉంది," అని వాళ్ల అమ్మమ్మ నేర్పిన తెలుగులోనే మళ్లీ మళ్లీ చెప్పింది. ఎవరూ దిద్దలేదు. ఒకసారి ఊపిరి వేగమై నుదురు ముడిపడితే నర్సు మందు ఇచ్చాడు. నుదురు విడింది. కూతురు చెయ్యి వదల్లేదు. చూపు కూడా తిప్పుకోలేదు.

నేను మధ్యలో వేరే గదులకి వెళ్లి వస్తూ ఉన్నాను. మా పనిలో ఒక గదిలో మనిషి పోతుంటే పక్క గదిలో మనిషికి మందు పొగ పీల్చే నెబ్యులైజర్ పెట్టాలి. అలసట అక్కడే పుడుతుంది. ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి మారే మధ్యలో నాలుగడుగుల కారిడార్ తప్ప మనకి ఏమీ ఉండదు. ఆ రోజు నా మోకాళ్లు నొప్పి పుట్టి, ఇక మానేద్దామని మొదటిసారి గట్టిగా అనుకున్నది కూడా ఆ కారిడార్‌లోనే.

పార్కింగ్ లాట్ మీద పొద్దు వాలే వేళకి ఊపిరుల మధ్య ఎడం పెరిగింది. తర్వాత ఇంకొకటి రాలేదు. డాక్టరు స్టెతస్కోప్ పెట్టి చూసి, మెల్లగా చెప్పి, కూతురి భుజం మీద చెయ్యి వేసింది. వాళ్లు ఏడ్చారు. నేనూ నర్సూ బయట నిలబడ్డాం.

కొంతసేపటికి వెంటిలేటర్ తీసుకెళ్లిపోవచ్చని చెప్పడానికి అల్లుడు నన్ను పిలిచాడు. వైర్లు చుడుతున్నాను. కూతురు రాజమండ్రికి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది. ముసలాయన ఫోన్ పక్కనే కూర్చున్నట్టున్నారు, మొదటి రింగుకే ఎత్తారు.

"మామయ్యా, అమ్మ వెళ్లిపోయింది. ధనిష్ఠలోనే. నేనే తీయమన్నాను. ఇల్లు పాడుపెడతాం, మీరేం చెబితే అది చేస్తాం. కానీ ఆగలేదు, మామయ్యా."

లైన్ కట్టయిందేమోనని అల్లుడు ఫోన్ తెర చూశాడు. నా చేతిలో వైరు అలాగే ఉండిపోయింది. ఆయన ఏం తిడతారో, ఈ పిల్ల ఇంకెంత తట్టుకుంటుందో అనుకుంటున్నాను. చాలాసేపటికి ఆయన గొంతు సవరించుకున్నారు.

"చెల్లాయి బాధపడిందా, తల్లీ?"

"లేదు మామయ్యా," అంది కూతురు. "నేను చూస్తూనే ఉన్నాను. లేదు."